మెటల్, హార్డ్‌కోర్ బ్యాండ్లు ఒకే షోలో: కలిసి నడుస్తుందా? ఎవరి తర్వాత ఎవరిని పెట్టాలి?

తార్నాక_త్రాష్

అందరికీ నమస్తే. మేం ముగ్గురం కలిసి హైదరాబాద్‌లో ఒక చిన్న షో పెడుతున్నాం, ఐదు బ్యాండ్లు. రెండు డెత్ మెటల్ (మెటల్‌లో బాగా బరువైన, గొంతు గర్జించే రకం), ఒకటి త్రాష్ (వేగంగా వాయించే మెటల్; అది మాదే, అంటే స్టేజీ మీదా నేనే, గేటు దగ్గరా నేనే), రెండు హార్డ్‌కోర్ (పంక్‌లోంచి వచ్చిన, ఇంకా వేగమైన, పొట్టి పాటల రకం). హార్డ్‌కోర్ వాళ్లలో ఒక బ్యాండ్ బెంగళూరు నుంచి, ఇంకోటి ముంబై నుంచి. రెండూ రైల్లోనే వస్తున్నాయి కాబట్టి గిటార్లు, పెడల్స్ తప్ప ఏమీ తెచ్చుకోరు. స్థలం ఒక పబ్ పై అంతస్తు, నూటయాభై మంది పడతారు, స్టేజీ మోకాలెత్తు, ముందు బారికేడ్ లేదు.

నేను ఇప్పటిదాకా పెట్టినవన్నీ అచ్చమైన మెటల్ షోలే. ఈసారి కలుపుదాం అనుకున్నప్పటి నుంచి రోజూ ఏదో ఒక టెన్షన్. డెత్ మెటల్ బ్యాండ్లలో ఒకళ్లు "మేం హార్డ్‌కోర్ వాళ్ల ముందు వాయించం, పోస్టర్ మీద మా పేరు పైనే ఉండాలి" అంటున్నారు. హార్డ్‌కోర్ వాళ్లకు పోస్టర్ సంగతి పట్టదు, కానీ స్టేజీ ముందు ఎవరూ అడ్డు ఉండకూడదు, జనం పైకెక్కి మైకు లాక్కుని పాడాలి అంటున్నారు. పబ్ మేనేజర్ ఎవరో గాల్లోకి కాళ్లు విసురుతున్న రీల్ ఒకటి చూసి నాకు ఫోన్ చేసి "ఇది డ్యాన్సా, కొట్లాటా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక డ్యాన్సే అన్నాను.

ఇలాంటి షోలు చూసినవాళ్లు, పెట్టినవాళ్లు, వాయించినవాళ్లు చెప్పండి. ఆర్డర్ ఎలా పెట్టాలి, రెండు రకాల జనం ఒకే పిట్‌లో (స్టేజీ ముందు జనం తోసుకుంటూ ఎగిరే చోట) పడితే ఏమవుతుంది, సామాను ఎలా పంచుకోవాలి? అసలు ఈ రెండు గుంపులకూ ఒకప్పుడు పడేది కాదంటారు, నిజమేనా?

ఎడిసన్_బాబాయ్

నిజమే తమ్ముడూ, చివరి ప్రశ్న నాకు ఇష్టమైంది కాబట్టి ముందు దాన్నే పట్టుకుంటాను. నేను న్యూజెర్సీలో ఉంటాను, న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్బు 2006లో మూతపడక ముందు అక్కడ షోలు చూసినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

1980ల మొదట్లో న్యూయార్క్‌లో ఇవి రెండు వేరు వేరు లోకాలు. మెటల్ వాళ్లకు బ్రూక్లిన్‌లో లామోర్ అనే క్లబ్బు, హార్డ్‌కోర్ వాళ్లకు మాన్‌హాటన్ బవరీ వీధిలో సీబీజీబీ, అక్కడ ఆదివారం మధ్యాహ్నం మ్యాటినీలు. ఒకవైపు జులపాల జుట్టు, తోలు జాకెట్, పొడుగు సోలోలు. ఇంకోవైపు గుండు, బూట్లు, నిమిషంన్నర పాట. జులపాలు వేసుకుని మ్యాటినీకి వెళ్లినవాడికి పిట్‌లో తన్నులు తినే అవకాశం బాగానే ఉండేది, ఆ కాలంలో అక్కడ ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఇదే చెప్తారు.

దీన్ని కలిపింది ముందుగా ప్రేక్షకులు కాదు, బ్యాండ్లలో వాళ్లు. త్రాష్ బ్యాండ్ ఆంత్రాక్స్ గిటారిస్టు స్కాట్ ఇయన్ తనే సీబీజీబీ మ్యాటినీలకు వెళ్లేవాడు. 1985లో ఆయన, వాళ్ల డ్రమ్మర్ చార్లీ బెనాంటే, న్యూక్లియర్ అసాల్ట్‌కి చెందిన డాన్ లిల్కర్, హార్డ్‌కోర్ వైపు నుంచి బిల్లీ మిలానో కలిసి ఎస్.ఓ.డి. అనే పేరుతో ఒక ఆల్బమ్ చేశారు. మెటల్ గిటార్, హార్డ్‌కోర్ వేగం. ఆ ఆల్బమ్ పేరు మాత్రం "ఇంగ్లీషులో మాట్లాడు, లేకపోతే చావు" అన్న అర్థంలో ఉంటుంది, వెటకారమేనని వాళ్లు చెప్పుకున్నారు. ఎడిసన్‌లో మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయలు కొనుక్కునే నాలాంటివాడికి ఆ టీషర్టు వేసుకోవాలంటే ఎప్పుడూ మనసొప్పలేదు. సంగీతం మాత్రం ఇప్పటికీ వింటాను.

1986కి వచ్చేసరికి గోడ దాదాపు కూలిపోయింది. అగ్నాస్టిక్ ఫ్రంట్ అంటే న్యూయార్క్ హార్డ్‌కోర్‌కి పెద్దదిక్కు. వాళ్లు ఆ ఏడాది తెచ్చిన రెండో ఆల్బమ్ పూర్తిగా మెటల్ వైపు ఒరిగింది, అందులో కొన్ని పాటలకు సాహిత్యం ఇచ్చింది ఎవరో తెలుసా? బ్రూక్లిన్ మెటల్ బ్యాండ్ కార్నివోర్ నడిపిన పీటర్ స్టీల్. అదే ఏడాది క్రో-మాగ్స్ వాళ్ల మొదటి ఆల్బమ్ "ది ఏజ్ ఆఫ్ క్వారెల్" వచ్చింది. ఆ పేరు మన కలియుగమే, బ్యాండ్‌లో జాన్ జోసెఫ్, హార్లీ ఫ్లానగన్ ఇద్దరూ హరేకృష్ణ వాళ్ల దారిలో ఉన్నవాళ్లు. ఆ బ్యాండ్‌ని మోటర్‌హెడ్ తమ టూర్‌కి తీసుకెళ్లింది. మోటర్‌హెడ్ గురించి ఒక మాట చెప్పాలి, ఆ రోజుల్లో గుండువాడూ జులపాలవాడూ గొడవ లేకుండా ఒప్పుకునే బ్యాండ్ అదొక్కటే. నీ లైనప్‌లో అలాంటి బ్యాండ్ ఏదో చూసుకో. నాకు తెలిసి అది నీ త్రాష్ బ్యాండే అవ్వాలి.

నిజాం_నెక్రో

నా అభిప్రాయం వేరు. కలపకు.

బాబాయ్ గారు చెప్పింది చరిత్ర బాగుంది, కానీ ఇప్పుడు జరుగుతున్నది వేరు. డెత్ మెటల్ షోకి వచ్చేవాడు వినడానికి వస్తాడు. రిఫ్ (గిటార్ మీద పదే పదే వచ్చే ముక్క) ఎక్కడ తిరిగింది, డ్రమ్మర్ ఎక్కడ టైమింగ్ మార్చాడు అని చూస్తాడు. హార్డ్‌కోర్ షోకి వచ్చేవాడు బ్రేక్‌డౌన్ (పాట ఒక్కసారిగా నెమ్మదై బరువెక్కే చోటు) ఎప్పుడొస్తుందా, ఎప్పుడు చేతులూ కాళ్లూ విసరాలా అని చూస్తాడు. మొదటివాడు బీరు పట్టుకుని నిలబడి తల ఊపుతుంటే రెండోవాడి మడమ వచ్చి మూతికి తగులుతుంది. బెంగళూరులో ఇలాంటి షో ఒకటి చూశాను, సగం మెటల్ జనం నాలుగో బ్యాండ్‌కే మెట్ల మీదకు వచ్చేసి సిగరెట్లు కాల్చుకుంటూ కూర్చున్నారు, హార్డ్‌కోర్ జనం వాళ్ల బ్యాండ్ అయిపోగానే ఇళ్లకు పోయారు. చివరి బ్యాండ్‌కి హాలు ఖాళీ. రెండు షోలు వేరుగా పెట్టుకుంటే రెండూ బాగుంటాయి. రెంటికీ పేరు ముందు "అండర్‌గ్రౌండ్" అని ఉన్నంత మాత్రాన చుట్టాలైపోవు కదా.

ఎడిసన్_బాబాయ్

నెక్రో గారూ, మీరు వినే డెత్ మెటల్‌లో సగం పునాది పంక్ వాళ్లు వేసిందే, కోపం తెచ్చుకోకండి. ఇంగ్లండ్ స్టోక్ ఊరి బ్యాండ్ డిశ్చార్జ్ 1982లో చేసిన మొదటి పూర్తి ఆల్బమ్‌లోని డ్రమ్ బీట్ మీద స్వీడన్‌లో ఒక తరం మొత్తం పెరిగింది, స్టాక్‌హోమ్ డెత్ మెటల్ గిటార్ల వెనక ఆ బీట్ ఇప్పటికీ వినిపిస్తుంది. మెటాలికా కూడా డిశ్చార్జ్ పాటలు రెండు వాయించి 1998లో తమ కవర్ పాటల ఆల్బమ్‌లో పెట్టింది. ఇక బర్మింగ్‌హామ్‌లో స్పార్క్‌హిల్ అనే పేటలో మెర్మెయిడ్ అని ఒక పబ్ ఉండేది, నేపామ్ డెత్ అనే బ్యాండ్ తయారైంది ఆ పబ్ పై గదిలో వాయించీ వాయించీ. 1987లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ రెండు వైపులా రెండు వేరు వేరు లైనప్‌లు, ఇద్దరికీ ఉమ్మడి మనిషి డ్రమ్మర్ మిక్ హ్యారిస్ ఒక్కడే. అందులో ఒక పాట సెకను మీద కొంచెం ఉంటుంది, గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. దాన్ని పంక్ అందామా, మెటల్ అందామా? ఆ గదిలో ఉన్నవాళ్లు అడగలేదు, ఏదైనా ఇంకా వేగంగా ఉందా అని మాత్రమే అడిగారు.

మీరు చెప్పిన ఖాళీ హాలు సంగతి మాత్రం నిజం, దాన్ని కొట్టిపారేయను. కానీ అది కలపడం వల్ల రాదు, ఆర్డర్ వల్ల వస్తుంది. ఒక రకం బ్యాండ్లన్నీ ముందు, ఇంకో రకం అన్నీ తర్వాత పెడితే మీరు ఒకే టికెట్ మీద రెండు షోలు పెట్టినట్టు. మొదటి గుంపు వెళ్లిపోతుంది, రెండో గుంపు ఆలస్యంగా వస్తుంది.

కలిపినప్పుడు ఘోరంగా పోయిన ఉదాహరణా ఉంది, నేనుండే రాష్ట్రంలోనే. 1986లో ట్రెంటన్‌లో సిటీ గార్డెన్స్ అనే చోట మెటల్ బ్యాండ్ వెనమ్ షో, ముందు వాయించింది హార్డ్‌కోర్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్. ఒకళ్లు పొగ, నిప్పు, సైతాను, తోలు బెల్టులు. ఇంకొకళ్లు వ్యాన్‌లో పడుకుని, సామాను తామే మోసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఆ రాత్రి పాటల మధ్య వెనమ్ గాయకుడు క్రోనోస్ అరిచిన అరుపులు మాత్రమే కత్తిరించి జోడించిన టేపు ఒకటి తర్వాత చేతులు మారి మారి పంక్ వాళ్లందరికీ పెద్ద జోక్ అయిపోయింది. తమాషా ఏంటంటే బ్లాక్ ఫ్లాగ్ అప్పటికే 1984లో మెటల్‌కి మూలపురుషులైన బ్లాక్ సబ్బాత్‌లా నిదానంగా బరువుగా వాయించి సొంత అభిమానుల చేత తిట్లు తిన్నది. సంగీతంలో వాళ్లు మెటల్‌కి అంత దగ్గర. స్టేజీ మీద నిలబడే పద్ధతే కలవలేదు.

సౌండ్‌డెస్క్_సీను

అన్నా, వీళ్లు చరిత్రలో ఉండనీ, నేను సామాను సంగతి చెప్తా. పదేళ్లకు పైగా డెస్క్ వెనక ఉన్నవాణ్ణి. ఐదు బ్యాండ్ల షో చెడేది పాటల వల్ల కాదు, బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య పోయే టైమ్ వల్ల. మార్పిడికి పదిహేను నిమిషాలు అనుకుంటావు, ఇరవైఐదు అవుతుంది, నాలుగు మార్పిడులకు గంటా నలభై నిమిషాలు. ఆ గంటా నలభైలోనే జనం మెట్ల మీదకు పోతారు, నెక్రో అన్న చూసింది బహుశా అదే.

డ్రమ్ కిట్ ఒక్కటే, అందరికీ. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, కూర్చునే స్టూల్ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఇది పోస్టర్ వేసే ముందే మెసేజ్ పెట్టి ఒప్పించుకో, ఆ రోజు సాయంత్రం చెప్తే ఒకడు స్నేర్ లేకుండా వస్తాడు, ఖాయం. కిట్ కింద మందపాటి కార్పెట్ వెయ్యి, లేకపోతే డబుల్ కిక్ దెబ్బకు కిక్ డ్రమ్ ముందుకు జరుగుతూ జరుగుతూ గాయకుడి దాకా వస్తుంది. స్టూల్ ఎక్కడుందో, పెడల్ ఎక్కడుందో కార్పెట్ మీద టేపుతో గుర్తు పెట్టుకో, ఒక్కో డ్రమ్మర్‌కి ఒక్కో రంగు.

గిటార్‌కి క్యాబినెట్లు (స్పీకర్ పెట్టెలు) ఉమ్మడి, హెడ్ (ఆంప్లిఫయర్) ఎవరిది వాళ్లు. ట్యూబ్ హెడ్ ఉన్నవాళ్లకు రెండు మాటలు. క్యాబ్ ఎన్ని ఓమ్స్‌దో చూసి హెడ్ వెనక దాన్నే ఎంచుకోవాలి, క్యాబ్ తగిలించకుండా హెడ్ ఆన్ చేసి వాయించకూడదు. చేస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. గిటార్ తీగా స్పీకర్ తీగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల వేరు, హడావిడిలో ఒకటి బదులు ఒకటి గుచ్చేస్తారు. రైల్లో వచ్చేవాళ్లకు హెడ్ నువ్వే ఇవ్వాలి, ఎవరిది ఇస్తున్నావో వాళ్ల ముందే చెప్పి ఇవ్వు, తర్వాత గొడవ వద్దు.

సౌండ్‌చెక్ చివర వాయించే బ్యాండ్‌తో మొదలుపెట్టి వెనక్కి రావాలి. మొదట వాయించే బ్యాండ్ చెక్ ఆఖర్న అవుతుంది, వాళ్ల సెట్టింగ్ అలాగే ఉంటుంది, గేట్లు తెరవగానే మొదలుపెట్టేయొచ్చు. ఐదింటికీ పూర్తి చెక్ ఇచ్చే టైమ్ ఉండదు, ఆఖరి బ్యాండ్‌కీ మొదటి బ్యాండ్‌కీ పూర్తిగా చేసి మధ్యలో ముగ్గురికీ ఒక్కో పాట ముక్క చాలు.

ఇక రెండు రకాల మధ్య నాకు కనిపించే తేడా చెప్తా. డెత్ మెటల్ డ్రమ్మర్ బ్లాస్ట్‌బీట్ (అతి వేగమైన దరువు) వేసే వేగంలో కిక్ మొత్తం బురదలా కలిసిపోతుంది, అందుకే వాళ్లలో చాలామంది ట్రిగ్గర్ (దెబ్బ పడగానే రికార్డు చేసిన శబ్దం పలికించే సెన్సర్) పెట్టుకుంటారు, దానికి వేరే లైను, వేరే కరెంటు ప్లగ్ కావాలి, ముందే అడుగు. హార్డ్‌కోర్ డ్రమ్మర్‌కి ట్రిగ్గర్ అక్కర్లేదు, కిక్ గుండెకు తగలాలి అంటాడు. అంటే కిక్ ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దుబాటు) బ్యాండ్‌బ్యాండ్‌కీ మార్చాలి, డిజిటల్ డెస్క్ అయితే సెట్టింగులన్నీ సీన్‌గా సేవ్ చేసుకుంటా, అనలాగ్ అయితే ఫోన్‌లో ఫోటో తీసుకుంటా. గాయకులందరూ ఒకే తప్పు చేస్తారు, ఆ విషయంలో రెండు జాతులూ అన్నదమ్ములే. మైకు తల మొత్తం పిడికిట్లో మూస్తారు, మూయగానే మైకు అన్ని వైపుల నుంచీ శబ్దం లాక్కుంటుంది, మానిటర్ (వాయించేవాళ్ల కోసం స్టేజీ మీద పెట్టే స్పీకర్) కూస్తుంది, నన్ను తిడతారు. హార్డ్‌కోర్ వాళ్లు మైకు జనంలోకి ఇస్తాం అన్నారు కదా, పబ్ వాళ్ల మంచి మైకు ఇవ్వకు. మెష్ సొట్టలు పడినా పర్లేదనుకునే పాతది ఒకటి నీదే తెచ్చుకో, పొడుగు తీగ పెట్టు. మానిటర్లు స్టేజీ ముందు అంచున పెట్టకు, పక్కలకు జరిపి పట్టీలతో కట్టు. మోకాలెత్తు స్టేజీ అంటున్నావు, ఆ ఎత్తులో మొదటి పాటకే ఎవడో వాటి మీద కాలు పెడతాడు.

అంచున_నిలబడేది

పిట్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రాసినవాళ్లందరూ మగవాళ్లలాగే ఉన్నారు, నూటయాభై మంది గదిలో ఎవరు ఎక్కడ నిలబడతారన్నది మీకు పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. నేను విశాఖ అమ్మాయిని, బెంగళూరులో ఉద్యోగం, అక్కడి షోలకు తరచుగా వెళ్తాను.

మెటల్ పిట్ అంటే తోసుకోవడం, గుండ్రంగా పరుగెత్తడం. ఎవరైనా పడితే పక్కవాడు లేపుతాడు, ఇది రాయని రూలు. ప్రమాదం పిట్ లోపలే ఉంటుంది, బయట నిలబడితే భయం లేదు. హార్డ్‌కోర్‌లో ఎవరి చోటు వాళ్లకు కావాలి. టూ-స్టెప్ అనే అడుగులు వేస్తారు, చేతులు గిరగిరా తిప్పుతారు, కాలు తిప్పి కొడతారు, ఒకరినొకరు తగలకుండా వేస్తున్నట్టే ఉంటుంది కానీ ఆ చోటు అంచున ఉన్నవాళ్లకు తగులుతుంది. కొందరు కావాలనే అంచున ఉన్న జనం మీదకు కాళ్లు విసురుతారు, హార్డ్‌కోర్ వాళ్లలోనే చాలామందికి అది నచ్చదు. అంటే మెటల్ షోల అలవాటుతో "అంచున సేఫ్" అనుకుని నిలబడ్డ మనిషికి ఇక్కడ అంచే ప్రమాదం. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి, ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా.

కాబట్టి గది ముందే పంచుకో తార్నాక. ఒక పక్క గోడ వెంట, స్పీకర్‌కి కాస్త దూరంగా, ప్లాట్‌ఫామ్ లాంటిదో, ఎత్తు బల్లల వరసో పెట్టు, అక్కడ నిలబడ్డవాళ్ల జోలికి ఎవరూ రాకూడదని చెప్పు. చెప్పాల్సింది నువ్వు కాదు, బౌన్సరూ కాదు, స్టేజీ మీద ఉన్న గాయకుడు. నీ మాట ఎవరూ వినరు, పాట ఆపి వాడు ఒక్క మాటంటే అందరూ వింటారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్‌మన్ అనే షోల చోటు ఉంది, 1986 డిసెంబర్ 31న మొదలైంది, వలంటీర్లు నడుపుతారు. హింస వద్దు, మందు వద్దు, జాతి వివక్ష వద్దు అని రూల్స్ గోడ మీదే రాసి పెట్టుకున్నారు. అంత పెద్ద రాత అక్కర్లేదు, గేటు దగ్గర తెలుగులో నాలుగు వరసలు అతికించు, ఎవరైనా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలో ఒక మనిషి పేరు, ఫోటో పెట్టు. ఆ మనిషి తాగకుండా ఉండాలి.

స్టేజీ మీద నుంచి దూకడం సంగతి ఇంకా తీవ్రంగా తీసుకో. 2010లో ప్రాగ్ నగరంలో అమెరికా మెటల్ బ్యాండ్ ల్యాంబ్ ఆఫ్ గాడ్ షోలో స్టేజీ ఎక్కిన ఒక అభిమాని కిందపడి తలకు దెబ్బ తగిలి తర్వాత చనిపోయాడు. రెండేళ్ల తర్వాత గాయకుడు రాండీ బ్లైత్ అక్కడ దిగగానే, అతన్ని తోశాడన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. 2013లో కోర్టు ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది కానీ నైతిక బాధ్యత ఉందంది, నిర్వాహకుల భద్రత సరిగ్గా లేదన్న మాటా అక్కడ బాగా నలిగింది. అది పెద్ద హాలు కూడా కాదు, ఒక క్లబ్బు. నీ స్టేజీ ఎత్తు మోకాలే అంటున్నావు, అంత ఎత్తు నుంచి తల కింద పెట్టి దూకినా చాలు. మైకు కోసం జనం పైకి రావచ్చు, కానీ నడిచి ఎక్కి నడిచి దిగాలి అని ఆ రెండు బ్యాండ్లతో ముందే మాట్లాడు. వాళ్లూ కుర్రాళ్లే, సరిగ్గా చెప్తే అర్థం చేసుకుంటారు.

తార్నాక_త్రాష్

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. గోడ పక్క బల్లల సంగతి మేనేజర్‌కి చెప్పా, వెంటనే ఒప్పుకున్నాడు, బల్ల ఉంటే సీసాలు పెట్టుకుంటారు, అమ్మకం ఉంటుందట. గాజు సీసాలు వద్దు, ప్లాస్టిక్ గ్లాసులే అన్నాను, దానికి మాత్రం ముఖం మాడ్చుకున్నాడు.

ఇంకో చిక్కు. పబ్ కాబట్టి ఇరవైఒకటి నిండనివాళ్లను రానివ్వం అంటున్నారు. మా ప్రేక్షకుల్లో సగం ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మూడో సంవత్సరం. హార్డ్‌కోర్ బ్యాండ్లేమో అందరినీ రానివ్వకపోతే అది హార్డ్‌కోర్ షోనే కాదంటున్నాయి. టికెట్ మూడొందలు పెడదామనుకున్నా, రైలు ఖర్చులు చూస్తే ఐదొందలు కావాలి.

ఎడిసన్_బాబాయ్

బ్యాండ్లు చెప్పేది ఊరికే పట్టుదల కాదు. చేతి మీద ఎక్స్ గుర్తు వేసుకునే స్ట్రెయిట్ ఎడ్జ్ (మందు ముట్టని) కుర్రాళ్లను చూసి ఉంటావు, ఆ గుర్తు పుట్టిందే ఈ తలనొప్పి నుంచి. వాషింగ్టన్ బ్యాండ్ టీన్ ఐడిల్స్ 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోకి వాయించడానికి వెళ్తే అక్కడి క్లబ్బులో వయసు చాలనివాళ్ల చేతుల మీద నల్లగా ఎక్స్ గీసి లోపలికి పంపారు, బారులో మందు ఇవ్వకుండా గుర్తు. వాళ్లు తిరిగొచ్చి తమ ఊరి క్లబ్బులను ఇదే పద్ధతి పెట్టమని అడిగారు. తర్వాత తాగనివాళ్లందరూ తామే గీసుకోవడం మొదలుపెట్టారు.

తెలంగాణలో రూలు రూలే, దాంతో ఆటలాడకు. కానీ సీబీజీబీ ఆదివారం మధ్యాహ్నం ఎందుకు పెట్టింది? బారుకి గిరాకీ లేని వేళ అది, పిల్లలు వచ్చి సాయంత్రానికి ఇంటికి పోతారు. నువ్వూ మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టేలా, ఆ పూట బారు మూసేసి ఉంచేలా మాట్లాడి చూడు, కనీస గ్యారంటీ డబ్బు తగ్గించమని కూడా అడుగు, ఆ టైమ్‌లో వాళ్లకు ఎలాగూ ఖాళీయే. ఒప్పుకోకపోతే పబ్ వదిలేసి ఏదైనా రిహార్సల్ గదో, చిన్న ఆడిటోరియమో చూసుకో, జనం తగ్గినా ఫర్లేదు.

టికెట్ మాత్రం పెంచకు. బోల్ట్ త్రోవర్ అని కోవెంట్రీ బ్యాండ్, పంక్ వాళ్లూ మెటల్ వాళ్లూ సమానంగా నెత్తిన పెట్టుకున్న అరుదైన బ్యాండ్లలో ఒకటి. టికెట్, టీషర్టు ధరలు తక్కువ ఉంచుతారని చివరిదాకా వాళ్లకు పేరు. మూడొందలే ఉంచి, టీషర్టుల డబ్బు మొత్తం బయటి ఊరి బ్యాండ్లకే పోనివ్వు, పబ్ వాళ్లు అందులో వాటా అడిగితే ఇవ్వనని మొదటే చెప్పు.

నిజాం_నెక్రో

మధ్యాహ్నం రెండింటికి డెత్ మెటల్. ఇదొక్కటే తక్కువైంది. సరే, వస్తాను. కానీ పోస్టర్ పైన పేరు కావాలన్న బ్యాండ్‌కి లొంగకు తమ్ముడూ, నేను వాళ్ల వైపు మనిషినే అయినా చెప్తున్నా. పోస్టర్‌లో ఐదు పేర్లూ ఒకే సైజులో, అక్షర క్రమంలో వెయ్యి. లోగోలు ఎలాగూ ఎవరికీ చదవరావు, పైన ఉంటే ఏంటి, కింద ఉంటే ఏంటి.

తార్నాక_త్రాష్

హహ, అదే చేస్తా. ఆర్డర్ ఇలా అనుకుంటున్నా. ముందు ఊరి డెత్ మెటల్ చిన్న బ్యాండ్, వాళ్లకు అరగంట. తర్వాత బెంగళూరు హార్డ్‌కోర్, వాళ్లు ఇరవై నిమిషాలే చాలన్నారు, అంతకంటే ఎక్కువ పాటలు లేవట. మధ్యలో మేం, బాబాయ్ గారు చెప్పిన మోటర్‌హెడ్ పని మా మీద వేసుకుని. అక్కడ టీ బ్రేక్. ఆ తర్వాత పేరు కోసం అలిగిన డెత్ మెటల్ వాళ్లు నలభై నిమిషాలు, అందరికంటే ఎక్కువ టైమ్ వాళ్లదే కాబట్టి ఊరుకున్నారు. చివర ముంబై హార్డ్‌కోర్. పొడుగు సెట్ తర్వాత పొట్టి సెట్‌తో ముగిస్తే జనం నిలబడతారని ఆశ, పైగా ముంబై వాళ్ల రైలు రాత్రికి కాబట్టి తొందర లేదు. అందరూ ఒప్పుకున్నారు.

సౌండ్‌డెస్క్_సీను

ఆర్డర్ బాగుంది. ఒక్కటి అడిగావా, ఐదుగురు డ్రమ్మర్లలో ఎడమచేతి వాటం వాళ్లు ఎవరైనా ఉన్నారా?

తార్నాక_త్రాష్

అడగలేదు. ఆగు, గ్రూపులో అడుగుతున్నా.

ముంబై అతను ఎడమచేతి వాటమే అట.

సౌండ్‌డెస్క్_సీను

అనుకున్నా. కిట్ మొత్తం అటుదిటు తిప్పాలి, ఫ్లోర్ టామ్, హైహ్యాట్, మైకులు అన్నీ. ఎంత తొందరపడ్డా ఇరవై నిమిషాలు, అదీ చివరి బ్యాండ్ ముందు, జనం అలిసిపోయిన టైమ్‌లో. టీ బ్రేక్ అక్కడికి జరుపు, నీ సెట్ తర్వాత కాదు. సౌండ్‌చెక్ కూడా వాళ్లతోనే మొదలు కాబట్టి పొద్దున కిట్ ఎడమచేతికే కట్టి, చెక్ అవగానే తిప్పేద్దాం. టేపు ఐదు రంగులు తీసుకురా, కోఠిలో దొరుకుతుంది.